48 అంగుళాల చక్రం మీదికి సొంత రంపం: మా మిల్లు డైరీ

మా కోత మిల్లు బొబ్బిలి దగ్గర, పార్వతీపురం వెళ్ళే రోడ్డు మీద. నాన్న కాలం నుంచి 36 అంగుళాల చక్రాల బ్యాండ్ సా, అంటే రెండు చక్రాల మీద తిరిగే పట్టీ రంపం, ఒక్కటే ఉండేది. వేప, తుమ్మ, నీలగిరి, ఇళ్ళ గుమ్మాలు, దూలాలు, వీటికి అది సరిపోయేది. దుంగ రెండున్నర అడుగుల లావు దాటితే మాత్రం గొడ్డలితో పక్కలు చెక్కి, ఎలాగో బ్లేడుని పట్టి ఉంచే గైడ్ల మధ్య దూర్చి కోసేవాళ్ళం, సగం కలప అక్కడే పోయేది. గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళకి కావలసింది సరిగ్గా అలాంటి లావు పనస దుంగలే, ఒకే దుంగలోంచి కుండ, దండి కలిపి తొలిచే ఏకాండి వీణ కోసం. వాళ్ళు దుంగ తెచ్చిన ప్రతిసారీ "మా దగ్గర అవదండి" అని వెనక్కి పంపాల్సి రావడం నాకు చాలా బాధగా ఉండేది.

పోయిన ఏడాది ఒడిశా సరిహద్దులో మూతపడ్డ ఒక మిల్లు నుంచి 48 అంగుళాల చక్రాల యంత్రం తెచ్చుకున్నాం. బేరింగులు మార్చాం, చక్రాల ముఖాలు బిగించిన చోటే గ్రైండింగ్ చేయించాం, అటవీ శాఖ అనుమతి కాగితాలు అయ్యాయి. యంత్రం తిరిగింది. బ్లేడుతోనే వచ్చింది చిక్కంతా. బయట చేయించి తెచ్చిన మొదటి రెండు బ్లేడ్లు పది అడుగుల పలకలో ఆరు మిల్లీమీటర్ల వంకర తీశాయి. ఒకటి ఐదో రోజుకే అతుకు పక్కన తెగిపోయింది. బ్లేడు మనమే చేసుకోవాలని ఆ రోజే అనుకున్నా. చీపురుపల్లి వైపు నుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిపించాం, డెబ్బై ఏళ్ళు దాటాయి, నలభై ఏళ్ళు రంపాలు సరిచేయడమే ఆయన పని. చేసిన పని చేసినట్టు ఇక్కడ రాసుకుంటున్నా.

1వ రోజు: కొలతలు

బ్లేడు పొడవు లెక్క సులువే. రెండు చక్రాలూ ఒకే సైజు కాబట్టి చక్రం చుట్టుకొలత ఒకసారి, చక్రాల కేంద్రాల మధ్య దూరం రెండుసార్లు కలిపితే చాలు. 48 అంగుళాలంటే 1220 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 3.83 మీటర్లు. పై చక్రాన్ని, దాన్ని పైకీ కిందికీ జరిపే స్క్రూ మధ్యలో ఉంచితే కేంద్రాల దూరం 1.72 మీటర్లు వచ్చింది. మొత్తం 7.27. పై చక్రాన్ని మధ్యలో పెట్టి కొలవడం ముఖ్యం, ఎందుకంటే కొత్త బ్లేడు సాగుతుంది, పాతది తెగితే ముక్క కోసి మళ్ళీ అతకాలి, అంటే పొట్టిదవుతుంది, రెండు వైపులా జాగా ఉండాలి.

తర్వాత పళ్ళ లెక్క. పంటికి పంటికి మధ్య 40 మిల్లీమీటర్లు అనుకున్నాం. 7270ని 40తో భాగిస్తే 181 పళ్ళు, పైన ముప్పావు. అలా వదిలేస్తే అతుకు దగ్గర ఒక పొట్టి పన్ను మిగిలిపోతుంది. పైగా పళ్ళని ఒకటి ఎడమకి ఒకటి కుడికి వంచుతాం కాబట్టి సరి సంఖ్య కావాలి. అందుకని 182 పళ్ళు, 7280 మిల్లీమీటర్లు. దానికి అతుకులో ఒకదాని మీద ఒకటి ఎక్కే 12 మిల్లీమీటర్లు కలిపి 7292 దగ్గర కోయాలి. గోడ మీద సుద్దతో రాసి పెట్టా.

మందం విషయంలో మేస్త్రి గారిది ఒకటే సూత్రం: చక్రం వ్యాసంలో వెయ్యో వంతు దాటకూడదు. మాకు 1.22 దాకా కుదురుతుంది కానీ 1.07 తీసుకున్నాం, వాళ్ళ భాషలో 19 గేజి. మందం పెరిగితే చక్రం మీద వంగిన ప్రతిసారీ ఉక్కు మీద పడే ఒత్తిడి పెరుగుతుంది. ఆ వంగడం ఎన్నిసార్లో లెక్కేస్తే నాకే భయమేసింది. చక్రం నిమిషానికి 600 చుట్లు తిరిగితే బ్లేడు సెకనుకి 38 మీటర్లు పోతుంది, అంటే ఒక్కో పన్ను సెకనుకి ఐదుసార్లు మొత్తం చుట్టి వస్తుంది, చుట్టుకి రెండుసార్లు వంగుతుంది. మూడు గంటల కోతలో లక్షకి పైగా వంపులు. బ్లేడులో ఎక్కడ చిన్న గీత ఉన్నా ఆ లక్ష వంపులు దాన్ని వెతికి పట్టుకుంటాయి.

3వ రోజు: చుట్ట విప్పడం

ఉక్కు పట్టీ చుట్ట వచ్చింది. 125 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు శాతం నికెల్ ఉన్న రంపపు ఉక్కు, 15ఎన్20 అంటారు. నికెల్ వల్ల పెళుసుతనం తగ్గుతుంది. నేను లారీ దించిన సంబరంలో కటింగ్ ప్లేయర్ పట్టుకుని కట్టు తెంపబోతే మేస్త్రి గారు చెయ్యి పట్టుకున్నారు. "ఆగు బాబూ, అది ఇప్పితే మనిషిని కొట్టేస్తాది. ముందు ఆ గుంటడిని అవతలికి పొమ్మను." గుంటడు అంటే మా మేనల్లుడు, డిప్లొమా చదువుతున్నాడు, సెలవుల్లో నాతోనే ఉన్నాడు.

చుట్టలో ఉన్న పట్టీ ఎప్పుడూ తిన్నగా అవ్వాలనే చూస్తుంటుంది. అన్ని కట్లూ ఒకేసారి తెంపితే మొత్తం ఒక్క దెబ్బన విచ్చుకుంటుంది. మేం నాలుగు సరుగుడు వాసాలు పాతి, మధ్యలో చుట్ట పడుకోబెట్టి, బయటి కొసని సి-క్లాంపుతో బల్లకి బిగించాక ఒక్కో కట్టూ తెంపుతూ వచ్చాం. తోలు చేతి తొడుగులు, బూట్లు, ముఖానికి అద్దాలు. కొస పట్టుకున్న మనిషి ఎప్పుడూ పక్కన నిలబడాలి, పట్టీ విసిరే దారిలో కాదు. 7292 దగ్గర గుర్తు పెట్టి కోశాం. ముక్క తూకం ఏడున్నర కిలోల పైన. బరువు పెద్దదేం కాదు, ఇద్దరు మోస్తే కూడా ఏడు మీటర్ల ఉక్కు ఊగుతూ తన దారిన తను పోతుంది, అదే కష్టం. ఒకడు ఆగితే రెండోవాడు ఆగాలి, మాట్లాడుకుంటూ నడవాలి.

4, 5 రోజులు: పళ్ళు

మేస్త్రి గారి పాత చేతి పంచింగ్ మిషన్‌తోనే 182 పళ్ళూ కొట్టాం. రోజున్నర పట్టింది. పంచ్ కొట్టిన అంచు చూడడానికి నున్నగా ఉంటుంది కానీ భూతద్దం పెడితే చిన్న చిన్న చిరుగులు కనిపిస్తాయి, కాబట్టి ప్రతి పంటి సందునీ గ్రైండింగ్ రాయితో ఇంకో మిల్లీమీటరు తీసేశాం. సందు అడుగు గుండ్రంగా ఉండాలి. మూల తిరిగితే పగులు అక్కడే మొదలవుతుంది.

6వ రోజు: అతుకు

బ్యాండ్ సా ఆలోచన పాతదే. 1808లో ఇంగ్లండులో విలియం న్యూబెర్రీ పేటెంటు తీసుకున్నాడు. తిరిగే పట్టీ కొసల్ని నిలిచేలా అతకడం రాక ఆ యంత్రం ఏళ్ళ తరబడి పక్కన పడి ఉంది. 1846లో ఫ్రాన్సులో క్రెపాన్ అనే ఆవిడ అతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక దారి దొరికింది. ఈ రోజు ఆ కొలిమి ముందు కూర్చుని ఆ మధ్యలోని నలభై ఏళ్ళు ఎందుకు పట్టాయో నాకు బాగా అర్థమైంది.

కొసలు రెండూ 12 మిల్లీమీటర్ల మేర ఏటవాలుగా గ్రైండింగ్ చేసి, ఒకదాని మీద ఒకటి పెడితే మొత్తం మందం మళ్ళీ 1.07 రావాలి. రెండు కొసల వీపుల్నీ (పళ్ళు లేని అంచుల్ని) ఒక పొడవాటి తిన్నని కమ్మీకి ఆనించి బిగించాం. కొసలు తిన్నగా కలవకపోతే బ్లేడు తిరిగిన ప్రతి చుట్టుకీ ఒకసారి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మధ్యలో వెలిగారం ముద్ద పూసి, వెండి టంకం రేకు ముక్క పెట్టాం. చెయ్యి తగిలినా జిడ్డు అంటుకుని టంకం పట్టదు, కాబట్టి శుభ్రం చేశాక ఎవరూ ముట్టుకోలేదు.

గ్యాస్ మంటతో చేద్దామన్నా. మేస్త్రి గారు ఒప్పుకోలేదు. మంట ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తగులుతుందట. రెండు లావాటి ఇనుప దిమ్మెల్ని బొగ్గుల కొలిమిలో ఎర్రగా కాల్చి, ఒకటి కింద, ఒకటి పైన పెట్టి క్లాంపుతో నొక్కేశారు. రెండు క్షణాల్లో టంకం కరిగి అతుకు అంచుల వెంట సన్నటి వెండి గీతలా బయటికొచ్చింది. అంత సన్నటి గీత, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ఎక్కడా తెగకుండా. చూస్తూ ఉండిపోయా. దిమ్మెలు నల్లబడే దాకా కదపలేదు.

7వ రోజు: విరిగింది

తప్పు నాదే. నిన్న అతికాక ఇంకా ఒక పని ఉంది, పాయనం చేయడం. సన్నటి ఉక్కు ఎర్రగా కాలి గాలికి చల్లారినా చాలు, గట్టిపడి పెళుసెక్కిపోతుంది, కాబట్టి దాన్ని మళ్ళీ తక్కువ వేడితో మెత్తబరచాలి. మేస్త్రి గారు భోజనానికి వెళ్ళారు, దిమ్మెలు ఇంకా వేడిగానే ఉన్నాయి కదా అని నేనే పెట్టి తీసేశా. ఎంత వేడెక్కిందో చూసుకోలేదు. పొద్దున వంచి చూస్తే టక్‌మని విరిగింది.

ఆయన ముక్క తీసుకుని వెలుతురుకి పెట్టి చూసి, "అతుకు బాగానే ఉంది బాబూ, పక్కనున్న ఇనుమే గాజైపోనాది" అన్నారు. నిజమే, వెండి గీత చెక్కుచెదరలేదు, దానికి ఐదు మిల్లీమీటర్ల అవతల విరిగింది. బయట చేయించిన బ్లేడు తెగిందీ ఇలాగే, అతుకు పక్కనే.

మళ్ళీ చేశాం. విరిగిన చోటు కోసి మళ్ళీ అతికాక బ్లేడు రెండు పళ్ళ మేర, 80 మిల్లీమీటర్లు తగ్గింది, అంటే 180 పళ్ళు, 7200. పై చక్రాన్ని 40 దించితే సరిపోతుంది, మొదటి రోజు జాగా వదిలిపెట్టింది ఇందుకే. ఈసారి అతికాక ఎమరీ కాగితంతో తెల్లగా మెరిసేలా తోమి, మసక ఎరుపులో ఉన్న దిమ్మె దగ్గరగా పట్టుకుంటే ముందు గడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం రంగు పాకుతూ వచ్చింది. నీలం అంటే సుమారు 300 డిగ్రీలు. ఆ రంగు అతుకుకి రెండు వైపులా సమానంగా పరుచుకున్నాక ఆపేశాం. తర్వాత ఆకురాయితో అతుకు మందం తగ్గించి మైక్రోమీటరు పెట్టి చూస్తే 1.08. వంచాం, నిలబడింది.

9 నుంచి 13వ రోజు దాకా: నడుం సాగదీయడం

ఈ ఐదు రోజుల కోసమే ఈ డైరీ రాయాలనిపించింది. బ్లేడు తిన్నగా కోయాలంటే పై చక్రం గట్టిగా లాగితే చాలని నేను ఇన్నాళ్ళూ అనుకున్నా. పలక వంకర వస్తే పై చక్రాన్ని లాగే బరువు పెంచేవాణ్ణి. బరువు పెంచితే పగుళ్ళు పెరిగేవి తప్ప వంకర పోయేది కాదు.

లెక్క ఇలా ఉంది. కోసేటప్పుడు వేడెక్కేది పళ్ళ అంచే. మిగతా బ్లేడు కన్నా అది 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుందాం. ఉక్కు మీటరుకి డిగ్రీకి 0.012 మిల్లీమీటరు సాగుతుంది. 7.2 మీటర్ల మీద అది 1.7 మిల్లీమీటర్లు. అంటే సరిగ్గా కోయాల్సిన అంచే మిగతా బ్లేడు కన్నా పొడవై, వదులైపోతుంది. వదులైన అంచు కలప ఎటు మెత్తగా ఉంటే అటు పోతుంది. దీనికి మందు ముందుగానే బ్లేడు మధ్యభాగాన్ని కాస్త సాగదీసి ఉంచడం. మధ్య సాగితే లాగుడు బరువంతా రెండు అంచుల మీద పడుతుంది, వేడెక్కి కొంచెం సాగినా పళ్ళ అంచుకి ఇంకా బిగువు మిగిలే ఉంటుంది. మేస్త్రి గారు దీన్ని "నడుం తీయడం" అంటారు. వయసులో ఉన్నప్పుడు దాగలి మీద సుత్తితోనే తీసేవారట, ఇప్పుడు భుజం సహకరించదు.

అందుకని రోలర్ స్టాండు చేసుకున్నాం. ఈఎన్31 బేరింగ్ ఉక్కుతో రెండు రోలర్లు విజయనగరంలో లేత్ మీద తీయించి గట్టి చేయించాం, ముఖం కాస్త ఉబ్బుగా ఉంటుంది. పాత రైసు మిల్లు గేరుబాక్సు, పైన నొక్కడానికి స్క్రూ. బ్లేడు రెండు రోలర్ల మధ్య నలుగుతూ పోతుంటే ఆ గీత వెంట లోహం వెంట్రుక వాసి పొడవుగా సాగుతుంది. ముందు సరిగ్గా మధ్యలో ఒక గీత, తర్వాత దానికి అటూ ఇటూ 18 మిల్లీమీటర్ల దూరంలో కొంచెం తక్కువ ఒత్తిడితో, మళ్ళీ అటూ ఇటూ ఇంకా తక్కువతో. పంటి సందుల అడుగు నుంచి 20 మిల్లీమీటర్లు, వీపు అంచు నుంచి 15 మిల్లీమీటర్లు రోలర్ తగలకూడదు.

నడుం వచ్చిందో లేదో చూసే పద్ధతి ఇది. బ్లేడుని బల్ల మీద నుంచి కాస్త ఎత్తి వంపు తిరగనివ్వాలి. ఆ వంపు మీద, అడ్డంగా, ఒక చిన్న స్ట్రైట్ ఎడ్జ్ (తిన్నని అంచున్న కమ్మీ) నిలబెట్టి, అవతల వెలుతురు ఉండేలా కళ్ళు ఆ ఎత్తుకి తెచ్చి చూడాలి. ఏమీ చేయని పట్టీ అయితే అంచు నుంచి అంచు దాకా నల్లగా ఉంటుంది. నడుం తీసిన పట్టీ మధ్యలో లోపలికి దిగుతుంది, స్ట్రైట్ ఎడ్జ్ కింద సన్నటి వెలుగు చీలిక కనబడుతుంది. రెండు కొసల్లో మూసుకుని, మధ్యలోకి వచ్చేసరికి కొంచెం తెరుచుకుని. "ఎలుగు సూడు బాబూ, నెలవంకలా ఉండాల. నడుమ బొడ్డులా తెరుసుకుంటే ఎక్కువైపోనట్టు" అన్నారు.

నా కళ్ళకి మొదటి రోజు ఏమీ కనబడలేదు. రెండు కాళ్ళ మధ్య డయల్ గేజి బిగించిన చిన్న కొలత పరికరం ఒకటి మేనల్లుడు చేశాడు. ఆయన "సాలు" అన్న ప్రతిచోటా గుర్తు పెట్టి తర్వాత డయల్ పెట్టి చూస్తే 0.10 నుంచి 0.12 మిల్లీమీటర్ల మధ్యే వచ్చింది, ఏడు మీటర్ల పొడవునా. డెబ్బై ఏళ్ళ కన్ను. నేను ఆయన కాళ్ళకి దండం పెట్టాను, ఆయనకి ఇబ్బందిగా అనిపించినట్టుంది, టీ తెమ్మన్నారు.

పదకొండో రోజు మేనల్లుడు స్క్రూ ఒక అర చుట్టు ఎక్కువ తిప్పాడు. రెండడుగుల మేర నడుం మరీ వదులైపోయింది, చేత్తో నొక్కితే రేకు డబ్బా మూతలా అటూ ఇటూ టప్ మంటోంది. దాన్ని వెనక్కి తగ్గించే మార్గం లేదు, అంచుల దగ్గర కూడా కాస్త సాగదీసి సమానం చేయడమే. పూటంతా పట్టింది.

వీపు వైపు ఒక్కటి చెప్పాలి. బ్లేడు వీపు పూర్తిగా తిన్నగా ఉండకూడదు, మీటరున్నర కమ్మీ ఆనిస్తే మధ్యలో 0.4 మిల్లీమీటరు ఉబ్బాలి. వీపు కాస్త పొడవైతే పళ్ళ అంచు ఇంకాస్త బిగుస్తుంది. అతుకు దగ్గర ఇది తప్పింది, వీపు పక్క రోలింగ్‌తో సరిచేశాం.

14వ రోజు

పళ్ళ సెట్టింగు, పదును. ఒక్కో వైపు 0.45 వంపు. కోత వెడల్పు మొత్తం రెండు మిల్లీమీటర్లే పోతుంది. గుండ్రటి రంపం మీద అయితే దానికి రెండింతలకి పైగా పొట్టు అయిపోతుంది.

15వ రోజు: ఎక్కించడం

ముగ్గురం మోశాం. పళ్ళు శరీరానికి అవతలి వైపు, ఎప్పుడూ. మెయిన్ స్విచ్ ఫ్యూజు తీసి నా జేబులో పెట్టుకున్నా. బ్లేడు చక్రాల మీద కూర్చున్నాక పంటి సందుల లోతు మేర బయటికి ఉండేలా జరిపి, చేత్తో నాలుగు చుట్లు తిప్పి, పై చక్రం వాలు సరిచేశాం. పై చక్రాన్ని పైకి లాగే తులాం కడ్డీకి బరువులు వేశాం, బ్లేడు దిగే, ఎక్కే రెండు పాయల మీద కలిపి రెండున్నర టన్నుల లాగుడు. మేస్త్రి గారు బ్లేడుని చూపుడు వేలి గోటితో మీటి విన్నారు. నాలుగు చోట్ల. పగులు ఉంటే గొంతు బొంగురు పోతుందట. నాలుగు చోట్లా ఒకే శ్రుతి. వీణల ఊరి పక్కన ఉండి ఆ ధ్వని వింటుంటే నాకు ఒళ్ళు జల్లుమంది.

పావుగంట ఖాళీగా తిప్పాం. బ్లేడు తిరిగే వరసలో ఎవరినీ నిలబడనివ్వలేదు. గైడ్ల దగ్గర టప్ అనే దెబ్బ చప్పుడు లేదు, అంటే అతుకు మందం సరిపోయింది. తర్వాత నీలగిరి దుంగ, 14 అంగుళాలు. పలక రెండు చివర్లా, మధ్యలో కొలిస్తే తేడా ఒక మిల్లీమీటరు లోపే.

18వ రోజు: పనస

పార్వతీపురం వైపు నుంచి వచ్చిన పనస దుంగ. మొదలు 34 అంగుళాలు. గొల్లపల్లి పనివాళ్ళు ఇద్దరు వచ్చి దుంగ నడిమి గుండెకాయ ఎటు పోతోందో చూసి సుద్ద గీత గీశారు. లావు కలపలో దుంగని నెమ్మదిగా తోయాలి, పంటి సందులు పొట్టుతో నిండిపోతే బ్లేడు వేడెక్కుతుంది. ట్రాలీ తోసేవాడికి పొట్టు చూస్తూ తోయమని చెప్పాం, ముతకగా రాలుతుంటే సరి, పిండిలా అయితే పళ్ళు రాసుకుంటున్నాయని. పాలు అంటుకోకుండా బ్లేడు మీదికి కిరసనాయిలు కలిపిన నీళ్ళు చుక్క చుక్కగా.

పదకొండు నిమిషాలు పట్టింది. దుంగ రెండు చెక్కలై విచ్చుకుంటే లోపల పసుపు కొమ్ము విరిచినట్టు ఉంది. వచ్చిన వాళ్ళలో పెద్దాయన అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసి చూశాడు. "చిత్రిక పట్టక్కర్లేదండి" అన్నాడు.

19వ రోజు

మూడు గంటల కోత తర్వాత దించి చూస్తే 61వ పంటి సందులో మూడు మిల్లీమీటర్ల పగులు. అతుకుకి చాలా దూరంలో ఉంది. ఆ సందులో రాయి గీత ఒకటి నేను సరిగా నున్న చేయలేదు, అక్కణ్ణించే మొదలైంది. పగులు కొసన సెంటర్ పంచ్‌తో ఒక చుక్క కొట్టి, మిగతా 179 సందులూ భూతద్దంతో చూసుకున్నాం. సాయంత్రం పూట బరువులు దించేయడం ఇక నియమం, వేడి బ్లేడు రాత్రి చల్లారి కుంచించుకుంటే బిగువంతా చక్రాల షాఫ్టు మీద, అతుకు మీద పడుతుంది. దించిన బ్లేడు తుడిచి నూనె రాసి కొక్కేలకి వేలాడదీశాం, ఈ వర్షాకాలం గాలికి ఒక్క రాత్రిలో తుప్పు చుక్కలు వస్తాయి.

రెండో బ్లేడు పట్టీ రేపు కోస్తాం. 182 పళ్ళు, 7292. ఈసారి అతుకు నేను వేస్తా, మేస్త్రి గారు పక్కన కూర్చుంటారు.